కర్నలు వేరింగు

మహాపురుషుల చరిత్రములను చదువునప్పుడు మనకు రాజులు, కవులు, శాస్త్రవేత్తలు, దేశమునకై ప్రాణము లర్పించిన వీరులు జ్ఞప్తికి వత్తురు. చీపురును, చెత్తబండిని నమ్ముకొని కీర్తి గడించినవారు మిక్కిలి అరుదు. తెల్లవారకముందే ఎవరో వచ్చి మన వీధి నూడ్చి పోవుదురు. మనము నిద్ర లేచునప్పటికి వాకిలి శుభ్రముగా నుండును. ఆ పని సక్రమముగా జరిగిన దినమున దానిని గూర్చి ఎవరును తలంపరు. అది నాలుగు దినములు ఆగిపోయినచో మాత్రము అందరును ముక్కు మూసికొని ఊరిని నిందింతురు. ఇట్లు లోకము చిన్నచూపు చూచెడి పనిని ఒక మహానగరమున గౌరవనీయమైన సేవగా మార్చి, తుదకు ఆ పారిశుద్ధ్య కార్యమునందే ప్రాణములు కోల్పోయిన ఒక ఇంజనీరు చరిత్రము మన మిప్పుడు తెలిసికొందము. ఆయన పేరు జార్జి ఎడ్విన్ వేరింగు. కర్నలు వేరింగు అనియే ఆయన ప్రసిద్ధుడు.

వేరింగు 1833వ సంవత్సరము జూలై 4వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున పౌండ్ రిడ్జి అను చిన్న గ్రామమున జన్మించెను. బాల్యమునుండియు ఆయనకు మన్ను, నీరు, పైరు అనిన మిక్కిలి ఆసక్తి. యౌవనమున వ్యవసాయ రసాయన శాస్త్రము నభ్యసించి, పొలములలో నిలిచిపోవు నీటిని బయటికి పంపు విధానములను పరిశీలించెను. 1855లో ఆయన న్యూయార్కు ట్రిబ్యూను పత్రికా సంపాదకుడైన హొరేసు గ్రీలీ యొక్క పొలమును చూచు బాధ్యత వహించెను. పైరు చక్కగా పెరుగవలెనన్న వేళ్ళకడ మురిగిన నీరు నిలువరాదని ఆయన అచ్చట అనుభవపూర్వకముగా గ్రహించెను. పొలములో నేర్చిన ఆ పాఠమే తరువాత నగరములకు ఉపయోగపడెను.

1857లో న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కు అను గొప్ప ఉద్యానవనమును నిర్మింప పూనుకొనిరి. ఆ స్థలములో చాల భాగము బురదనేల. అచ్చటి నీటిని తొలగించు పనికి వేరింగు ఇంజనీరుగా నియమింపబడెను. ఆయన భూమిలోపల కాల్చిన మట్టిగొట్టములను పరపించి, ఊటనీరు వానిద్వారా పారిపోవునట్లు చేసెను. నేడు లక్షలకొలది జనులు విహరించు ఆ పచ్చికబయళ్ళ క్రింద ఆయన శ్రమ కలదని ఎరిగినవారు కొలదిమందియే.

1861లో అమెరికాలో అంతర్యుద్ధ మారంభమయ్యెను. వేరింగు తన ఉద్యోగమును విడిచి ఉత్తరరాష్ట్రముల సేనలో చేరెను. మొదట మేజరుగాను, తరువాత మిసోరీ నాలుగవ అశ్వికదళమునకు కర్నలుగాను పనిచేసెను. వందలకొలది భటులను ఒక్క క్రమశిక్షణలో నడపుట, వారి తిండికిని, బట్టకును, గౌరవమునకును లోటు రాకుండ చూచుట ఆయన సేనలో నేర్చుకొనెను. యుద్ధము ముగిసిన పిదప కొన్నియేండ్లు న్యూపోర్టు సమీపమున నొక వ్యవసాయక్షేత్రమును నడపి, అనంతరము నగరముల మురుగు సమస్యపై దృష్టి మరల్చెను.

ఆ కాలమున అమెరికా దక్షిణభాగమున మెంఫిసు అను నగరమును పచ్చజ్వరము పీడించెను. 1878లో ఒక్క వేసవిలోనే అచ్చట సుమారు 5,000 మంది మరణించిరి. కలిగినవారు ఊరు విడిచి పారిపోయిరి, పేదలు మిగిలిపోయిరి. అట్టి నగరమున మురుగు గొట్టములు వేయుటకు 1880లో వేరింగు ప్రణాళిక సిద్ధపరచెను. అంతకుముందు పలు నగరములలో వాననీరును, ఇండ్ల మురుగును ఒక్కటే పెద్ద కాలువలో కలిపి పంపుచుండిరి. వానలు లేని దినములలో ఆ కాలువలో నీరు చాలక మురుగు నిలిచి కుళ్ళుచుండెను. వేరింగు ఇండ్ల మురుగునకు మాత్రమే ప్రత్యేకముగా సన్నని గొట్టములు వేయించి, తొట్లలోని నీరు అప్పుడప్పుడు వేగముగా పారి వానిని కడుగునట్లు ఏర్పాటు చేసెను. ఆ సన్నని గొట్టములు ఒక్కొక్కప్పుడు పూడిపోవుచుండెడివి. అయినను ఆ పద్ధతి వలన ఆయన పేరు దేశమంతట వ్యాపించెను. కలిపినచో చెడునది, వేరుపరచినచో బాగుపడు నను సూత్రము ఆయన జీవితమంతటను మనకు కనబడును.

ఇక ఆనాటి న్యూయార్కు స్థితిని చూతము. 1890 జనాభా లెక్కల ప్రకారము ఆ నగరమున 15 లక్షల మంది నివసించుచుండిరి. మోటారుబండ్లు ఇంకను రాలేదు. సరకులను, మనుష్యులను లాగుటకు వేలకొలది గుఱ్ఱములుండెను. వాని లద్దె వీధులలో పేరుకొని, వాన కురిసినప్పుడు బురదయై, ఎండ కాసినప్పుడు ధూళియై ఇండ్లలోనికి ఎగురుచుండెను. పొయ్యిలలోని బొగ్గుబూడిద, వంటయింటి తొక్కలు, ఎంగిలి, చింపిరి గుడ్డలు, కాగితములు అన్నియు ఒక్కటే తొట్టిలో పోసి వాకిట నుంచెడివారు. ఆ తొట్లు పొరలి త్రోవనిండ చిందుచుండెడివి. రాత్రులందు గుఱ్ఱములను విప్పిన ఖాళీబండ్లను వేలకొలదిగా వీధులలోనే నిలుపుచుండుటచే వాని క్రింద ఊడ్చుటకు వీలుకాకుండెను. పేదలు నివసించు పేటలలో ఇరుకు కొంపలు, గాలి చొరని గదులు, వాకిట కుళ్ళిన కుప్పలు. అచ్చట పసిపిల్లలు వేసవిలో అతిసారముచే రాలిపోవుచుండిరి. బండ్లు ఎత్తిన చెత్తలో చాల భాగము పడవలపై కొనిపోయి సముద్రములో కుమ్మరింపబడుచుండెను. అలలు దానిని తిరిగి తీరమునకు చేర్చుచుండెను.

ఈ దుస్థితికి ధనము లేకపోవుట మాత్రమే కారణము కాదు. వీధులను శుభ్రపరచు శాఖ చాలకాలముగా టామనీ హాలు అను రాజకీయ వర్గము చేతిలో నుండెను. ఎన్నికలలో తమకు పనిచేసినవారికి ఆ వర్గము చీపురుద్యోగములను బహుమానముగా పంచుచుండెను. పని చేసినను చేయకున్నను అడుగువారు లేరు. 1894 ఎన్నికలలో ప్రజలు విసిగి ఆ వర్గము నోడించి, విలియమ్ స్ట్రాంగు అను వర్తకుని మేయరుగా ఎన్నుకొనిరి. స్ట్రాంగు వీధిశుభ్రతా శాఖను ముందుగా థియొడోర్ రూజువెల్టునకు ఇవ్వజూపెను. తరువాతి కాలమున అమెరికా అధ్యక్షుడైన ఆ రూజువెల్టు దానిని స్వీకరింపలేదు. అప్పుడు మేయరు వేరింగును పిలిపించెను. శాఖలో ఎవరిని నియమించుటయు, ఎవరిని తొలగించుటయు తన యిష్టమునకే విడువవలెననియు, పార్టీల జోక్యము కూడదనియు వేరింగు నియమము పెట్టెను. మేయరు అంగీకరించెను. 1895 జనవరి 15వ తేదీన, అరువదియొకటవ యేట, వేరింగు ఆ శాఖాధిపత్యము వహించెను.

క్రొత్త అధికారి రాగానే పాతవారినందరిని వెడలగొట్టునని పలువురు తలంచిరి. వేరింగు అట్లు చేయలేదు. శ్రద్ధగా పనిచేయువాడు ఏ పార్టీవాడైనను ఉండవచ్చును, పని ఎగగొట్టువాడు ఎవనివాడైనను పోవలెను. ఇదియే ఆయన నిర్ణయము. ఒక్కొక్క పనివానికి ఇంత వీధి యని పంచి యిచ్చెను. దానితో ఏ వీధి మురికిగా నున్నను బాధ్యుడెవరో వెంటనే తెలియుచుండెను. తానే స్వయముగా వీధులు తిరిగి తనిఖీ చేయుచుండెను. రాత్రులు వీధులలో నిలిపెడి బండ్లను తొలగింపజేసెను. ఒక పేదపేటలో జనులు కోపించి ఆయన పనివారిపై రాళ్ళు రువ్విరి. అయినను ఆయన వెనుదీయలేదు.

అంతకంటె విచిత్రమైన మార్పు మరియొకటి కలదు. ఊడ్చు పనివారికందరికి ఆయన తెల్లని నూలు దుస్తులను, తెల్లటోపీలను ఇచ్చెను. ఈ వార్త విని నగరమంతయు నవ్వెను. బురదలో పనిచేయువారికి తెల్లబట్టలేమని పత్రికలు పరిహసించెను. కాని వేరింగు ఆలోచన లోతైనది. తెల్లబట్ట దూరమునుండియే కనబడును. కావున పనివేళ సారాయి దుకాణమున దూరి కూర్చుండుటకు వీలు లేదు. అంతేకాక, వైద్యులవలె తామును జనుల ఆరోగ్యమును కాపాడువారమను భావము పనివారిలో కలుగును, చూచువారిలోను కలుగును. అట్లే జరిగెను. జనులు వారిని తెల్లరెక్కలవారని ముద్దుపేరుతో పిలువజొచ్చిరి. 1896 మే నెలలో ఆ పనివారు తమ చీపుర్లతో, కడిగి తుడిచిన బండ్లతో, వాద్యములు మ్రోగుచుండగా, ఫిఫ్త్ ఎవెన్యూ అను రాజవీధిలో బారులు తీరి నడచిరి. కర్నలు వేరింగు గుఱ్ఱమునెక్కి ముందు నడచెను. నవ్వుదమని వచ్చిన జనులు చప్పట్లు కొట్టిరి. ఏనాడును తలయెత్తి నడువని పనివారు ఆనాడు తలయెత్తి నడచిరి. తమ తండ్రి చేయు పనిని చెప్పుకొనుటకు సిగ్గుపడిన బిడ్డలు ఆ వీధి ప్రక్కన నిలిచి ఆయనను చూపి గర్వించి యుందురని మనము ఊహింపవచ్చును.

పనివారి కష్టసుఖములను వినుటకు ఆయన యొక పద్ధతి నేర్పరచెను. పనివారు తమలోనుండి 41 మందితో ఒక సంఘమును ఎన్నుకొనిరి. ఆ సంఘము తరఫున ఐదుగురు, అధికారుల తరఫున ఐదుగురు ఒకచోట కూర్చుండి తగవులను పరిష్కరించుచుండిరి. వ్యవహారములలో చాల భాగము శాఖాధిపతి వరకు పోకుండగనే తీరిపోయెను.

ఊడ్చుటతో పని ముగియదు. ఊడ్చిన దాని నేమి చేయవలెను? ఇదియే అసలు ప్రశ్న. చెత్త యనునది ఒకే వస్తువు కాదని వేరింగు చెప్పెను. బూడిద వేరు, కుళ్ళెడి వంటయింటి వ్యర్థము వేరు, కాగితములు, గుడ్డలు, సీసాలు, లోహపుముక్కలు వేరు. మూడింటిని కలిపినప్పుడు అది కంపుగొట్టు కుప్ప. వేరుచేసినప్పుడు మూడును పనికివచ్చు వస్తువులే. కావున 1896లో ప్రతియింటివారును ఈ మూడింటిని వేరువేరుగా నుంచవలెనని ఆయన శాసించెను. వినని వారికి పోలీసువారి సాయముతో నచ్చజెప్పించెను.

బూడిదను పల్లపునేలలు పూడ్చుటకు వాడిరి. రైకర్స్ అను ద్వీపము ఇట్టి పూడికచేతనే విస్తరించెను. వంటయింటి వ్యర్థమును బారెన్ అను ద్వీపమునకు కొనిపోయి, మూసిన పెద్ద తొట్లలో ఆవిరితో ఉడికించి, గానుగలవంటి యంత్రములతో పిండిరి. దానినుండి వచ్చిన క్రొవ్వు సబ్బు మొదలగు వాని తయారీకి ఉపయోగపడెను. మిగిలిన పిప్పిని ఎండబెట్టి ఎరువుగా అమ్మిరి. మూడవ రకపు చెత్తనుండి కాగితము, గుడ్డలు, లోహములు ఏరి విక్రయించిరి. ఈ పద్ధతియందు దోషములు లేకపోలేదు. బారెన్ ద్వీపమునుండి వెలువడిన దుర్వాసనను గూర్చి చుట్టుపట్ల నివసించువారు మొరలిడిరి. ఒకచోటి కంపును పోగొట్టుటకు మరియొక చోటివారికి కంపు కలిగించుట న్యాయమా అను ప్రశ్న నేటికిని చెత్తకుప్పలున్న ప్రతి ఊరను వినబడుచునే యున్నది.

విద్యార్థులారా! వేరింగు కార్యములలో మీరు ప్రత్యేకముగా గమనింపవలసినది ఒకటి కలదు. న్యూయార్కు పేదపేటలలోని పెద్దలు పలువురు ఐరోపాలోని నానాదేశములనుండి వలసవచ్చినవారు. వారికి ఇంగ్లీషు రాదు. నగరపు నిబంధనలు తెలియవు. వారి పిల్లలు మాత్రము బడులలో ఇంగ్లీషు నేర్చుచుండిరి. వేరింగు ఆ పిల్లలతో బాలల వీధిశుభ్రతా సంఘములు స్థాపింపజేసెను. ప్రతి బాలునికిని, బాలికకును ఒక బిళ్ళ నిచ్చిరి. వీధిలో తొక్కలు, కాగితములు పారవేయకుండుట, పారవేయువారికి మర్యాదతో చెప్పుట, చూచిన సంగతులను వ్రాసి తెలుపుట వారి విధులు. చట్టమును చదువలేని తల్లిదండ్రులకు ఆ బిడ్డలే తమ యింటి భాషలో దానిని బోధించిరి. పోలీసులు చొరలేని వంటయిండ్లలోనికి పిల్లల మాట చొచ్చెను.

వేరింగు దోషరహితుడని చెప్పుట సత్యము కాదు. ఆయన మాట మిక్కిలి కఠినము. 1895లోనే పాత సైనికుల సంఘమును గూర్చి ఆయన పరుషముగా మాటలాడగా పెద్ద అలజడి చెలరేగెను. ఆయనను తొలగింపవలెనని పలువురు పట్టుబట్టిరి. మేయరు స్ట్రాంగు ఆయన పనిని చూచి ఆయనను నిలుపుకొనెను. మంచిపని చేయువారికి మంచిమాట కూడ తోడైనచో శత్రువులు తగ్గుదురని ఈ సంఘటన తెలుపుచున్నది.

మూడేండ్లలో నగరపు రూపము మారెను. 1895కు ముందు పండ్రెండేండ్లకు పైగా ఆ నగరమున ప్రతి వేయిమందికి ఏటేట సగటున 26 మందికి పైగా మరణించుచుండిరి. 1897 నాటికి ఆ సంఖ్య 20 ప్రాంతమునకు దిగెను. దీనికి వైద్యము మెరుగుపడుట మొదలగు ఇతర కారణములును కలవు. అయినను వీధుల శుభ్రత దీనిలో తగిన పాలు పొందినదని ఆనాటివారు నమ్మిరి. కాని 1897 ఎన్నికలలో టామనీ వర్గము తిరిగి గెలిచెను. 1898 ఆరంభముతో వేరింగు పదవి ముగిసెను. చెత్తను వేరుచేయు నియమమును తరువాతివారు సడలించిరి; సముద్రములో పోయుట మరల సాగెను. పొరుగు రాష్ట్రమైన న్యూజెర్సీ తన తీరము పాడగుచున్నదని వ్యాజ్యము వేయగా, 1931లో అమెరికా సుప్రీముకోర్టు దానిని ఆపవలెనని తీర్పు చెప్పెను. ఒక మంచి అలవాటును నెలకొల్పుట కష్టము. దానిని నిలుపుకొనుట అంతకంటె కష్టము. అయినను తెల్లదుస్తులు, వీధుల పంపకము, ప్రతిదిన పరిశుభ్రత నిలిచిపోయెను. ఒకసారి శుభ్రతను రుచిచూచిన జనులు పాత మురికిని మరల సహింపలేకపోయిరి.

1898లో అమెరికాకును స్పెయినునకును జరిగిన యుద్ధానంతరము క్యూబా ద్వీపము అమెరికా సేనల అధీనమయ్యెను. దాని ముఖ్యనగరమైన హవానాలో పచ్చజ్వరము స్థిరముగా నాటుకొని యుండెను. ఆ నగరమును శుభ్రపరచు మార్గమును పరిశీలించి చెప్పుటకు ప్రభుత్వము వేరింగును పంపెను. ఆయనకప్పుడు అరువదియైదేండ్లు. అచ్చటి అపాయమును ఆయన ఎరుగనివాడు కాడు. మెంఫిసులో ఆ జ్వరము మిగిల్చిన శోకమును ఆయన చూచియుండెను. అయినను వెడలెను. హవానా వీధులు, మురుగుకాలువలు తిరిగి చూచి అక్టోబరు చివర స్వదేశమునకు మరలెను. ఇంటికి చేరునప్పటికే ఆ జ్వరము ఆయనను పట్టెను. 1898 అక్టోబరు 29వ తేదీన న్యూయార్కులో కన్నుమూసెను. ఆయనను పరిహసించిన నగరమే ఆయనకై దుఃఖించెను.

ఇందు గమనింపదగిన విషాదమొకటి కలదు. కుళ్ళిన పదార్థములనుండి లేచు చెడుగాలియే జ్వరములకు మూలమని వేరింగు తన తరమువారివలె జీవితాంతము నమ్మెను. ఆ నమ్మకము తప్పు. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రోనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1900లో వాల్టర్ రీడు అను సైనిక వైద్యుడు పచ్చజ్వరము కూడ దోమకాటు వలననే వ్యాపించునని హవానా సమీపముననే నిరూపించెను. వేరింగు మరణించిన రెండేండ్లకు ఈ సత్యము బయటపడెను. ఆయన శాస్త్రజ్ఞానములో లోపముండెను గాని, ఆయన చేసిన పని వ్యర్థము కాలేదు. కుళ్ళుకుప్పలు ఈగలకును, ఎలుకలకును నిలయములు. విసరివేసిన డబ్బాలలోని నీరు దోమలకు ఉయ్యాల. కారణమును సరిగా నెరుగకున్నను ఆయన రోగముల కొంపలను కొన్నింటిని కూల్చెను.

ఆయన న్యూయార్కు ఇండ్లలో మూడు తొట్లు పెట్టుమని చెప్పిన 120 ఏండ్లకు, 2016లో మన భారతదేశమున వెలువడిన నిబంధనలు తడిచెత్తను, పొడిచెత్తను, ఇండ్లలోని హానికరమైన చెత్తను వేరుచేసి యివ్వవలెనని కోరెను. అరటితొక్కను, కాగితమును, పగిలిన దీపపుబుడ్డిని ఒక్కచోట పడవేయుటకు ఒక్క క్షణము చాలును. దానిని మరల వేరుచేయుటకు మరియొక మనుష్యుడు తన చేతులను ఆ కుళ్ళులో పెట్టవలెను. ఆ చేతులును మనవంటి మనుష్యుని చేతులే. రేపటి యుదయమున మీ వీధి నూడ్చువారు ఎదురైనప్పుడు, వారి పేరడిగి తెలిసికొని, గౌరవముతో పలుకరింపుడు. కర్నలు వేరింగును స్మరించుటకు అంతకంటె మంచి మార్గము లేదు.